మోటారు నేర్చువారికి: ప్రమాదములు, ప్రథమ చికిత్స

మోటారుబండి నేర్పువారు సాధారణముగా మూడు సంగతులు చెప్పుదురు. క్లచ్చి యెట్లు వదలవలెను, గేరు ఎప్పుడు మార్చవలెను, బ్రేకు ఎట్లు త్రొక్కవలెను. ఈ మూడును వచ్చినంతనే బండి వచ్చినదని తలంచి తాళపుచెవి చేతికిత్తురు. బండి దేనినైనను గొట్టుకొన్నప్పుడు ఏమి జరుగును, దెబ్బ తగిలినవాడు దారిలో పడియుండగా అంబులెన్సు వచ్చునంతవఱకు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అను సంగతులు నేర్పువారు అరుదు. మా పాఠశాలలో పై తరగతులు చదువు బాలబాలికలలో పెక్కుమంది రెండు మూడేండ్లలో లైసెన్సునకు దరఖాస్తు పెట్టుకొనువారే. కొందఱు తండ్రిగారి మోటారుసైకిలును ఇప్పుడే సందులలో త్రిప్పుచున్నారని మే మెఱుగుదుము. కావున ఈ సంచికలో ఈ విషయమునుగూర్చి కొంత విపులముగా వ్రాయదలచితిమి. తల్లిదండ్రులును దీనిని చదివిన మేలు.

మన ప్రాంతపు బాటల స్వభావము మొదట గమనింపదగినది. కొల్లేటి చుట్టునుగల గ్రామములకు పోవు దారులలో పెక్కు గట్లమీదనే సాగును. ఒక వంక కాలువ, ఒక వంక చేపల చెఱువు, నడుమ రెండు బండ్లు ఒరసికొని పోవునంత వెడల్పు. మెట్టసీమలో బండి బాట తప్పినచో పొలములో దిగును. ఇచ్చట తప్పినచో నీటిలో దిగును. పామఱ్ఱునుండి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరముల మీదుగా దిగమఱ్ఱు చేరు 165వ నంబరు జాతీయ రహదారిమీదను, ఏలూరినుండి కొల్లేటి నడుమగా కైకలూరు వచ్చు బాటమీదను చేపల లారీలు రాత్రింబవళ్లు నడచుచుండును. చేపలపై కప్పిన ఐసు కరగి లారీ వెనుకనుండి నీరు కారుచు పోవును. ఆ నీటిలో చేప జిగురు కలసియుండుటచే బాట జారుడగును. మలుపున మోటారుసైకిలు ముందు బ్రేకు గట్టిగా నొక్కిన బాలుడు జారిపడుటకు ఇదియే చాలును.

మాసూళ్ల దినములలో వడ్లు బాటపై నారబోయుటయు, రాత్రి రాశిచేసి పట్టా కప్పి చుట్టును రాళ్లు పేర్చి పోవుటయు మనకు పరిపాటి. ఆ రాశి చీకటిలో కనబడదు. శీతకాలమున తెల్లవారుజామున నీటిమీదనుండి లేచు పొగమంచు ఎదుటి బండిని దగ్గఱకు వచ్చునంతవఱకు కనబడనీయదు. వెనుక దీపములేని ట్రాక్టరు ట్రక్కులు, గేదెల మందలు, బడికి పోవు పిల్లల సైకిళ్లు, ఇవన్నియు ఆ బాటమీదనే నడువవలెను.

ఇవి ఊహించి చెప్పుచున్న భయములు కావు. 2014 ఏప్రిలు 23వ తేదీ రాత్రి కర్నూలు జిల్లా ఆళ్లగడ్డ సమీపమున భూమా శోభా నాగిరెడ్డిగారి కారు, బాటపై నారబోసిన వడ్లరాశిని తప్పింపబోయి బోల్తాపడినది. ఆమె సీటుబెల్టు ధరింపలేదనియు, కారునుండి వెలికి విసరివేయబడిరనియు అప్పటి పత్రికలు వ్రాసినవి. మఱునాడు హైదరాబాదు ఆసుపత్రిలో ఆమె మరణించిరి. అంతకు దాదాపు ఏడాదిన్నరకు ముందు, 2012 నవంబరు 2వ తేదీ తెల్లవారకమునుపే, శ్రీకాకుళము జిల్లా రణస్థలము వద్ద కేంద్ర మాజీ మంత్రి కింజరాపు ఎఱ్ఱన్నాయుడుగారి కారు ఆయిలు ట్యాంకరును గొట్టుకొనగా ఆయన మరణించిరి. పెద్దకారును, డ్రైవరును గలవారికే ఇట్లు జరుగుచుండగా, నిన్ననే బండి నేర్చినవాడు తనకేమియు గాదనుకొనుట యెట్లు? 2022 సంవత్సరమున భారతదేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరని కేంద్ర రోడ్డు రవాణాశాఖ ప్రకటించినది. సగటున దినమునకు 460 మందికి పైగా ననుట.

ఇప్పుడు వేగమునుగూర్చి కొంచెము లెక్క చూతము. గణితమన్న వెఱచువారును దీనిని దాటి పోరాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు గడచును. ఎదుట గేదె అడ్డము వచ్చినట్లు కంటికి తోచి, కాలు బ్రేకుపై బడుటకు ఎంత చుఱుకైనవానికైనను రమారమి ఒక సెకను పట్టును. అనగా బ్రేకు పడకమునుపే 17 మీటర్లు పోయినవి. పిమ్మట మంచి టైర్లతో పొడిబాటమీద బండి యాగుటకు ఇంకొక 20 మీటర్లు కావలెను. మొత్తము 37. వేగము 40 కిలోమీటర్లైనచో మొత్తము 20 మీటర్లలో ఆగును. 80 ఐనచో 57 మీటర్లు పట్టును. వేగము రెట్టింపైనచో బ్రేకు పడిన పిదప పోవు దూరము నాలుగురెట్లగునని మన విద్యార్థులు భౌతికశాస్త్రములో చదివినదే. తడిబాటపై ఈ దూరము ఇంకను చాల హెచ్చును. పొగమంచులో 20 మీటర్లకంటె దూరము కనబడనప్పుడు 40 కిలోమీటర్ల వేగము సయిత మధికమేయని దీనివలన తేలుచున్నది.

ఇక తాకిడి సంగతి. గంటకు 50 కిలోమీటర్ల వేగమున గోడను గొట్టుకొనుట దాదాపు 10 మీటర్ల యెత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి, నేలపై బడుటతో సమానము. బండి ఆగినను లోపలి మనిషి ఆగడు. అతడు అదే వేగముతో ముందునకు పోయి అద్దమునో స్టీరింగునో గొట్టుకొనును. మనిషి ఆగినను అతని లోని మెదడు, కాలేయము, ప్లీహము ఆగవు; అవి తమ గోడలకు గొట్టుకొని చిట్లును. ఒక్క ప్రమాదములో ఇట్లు మూడు తాకిడులు గలవు. పైకి గీతయైన లేనివాడు లోపల రక్తము కారి ఆసుపత్రి చేరకముందే మరణించుటకు కారణ మిదియే. "ఏమియు కాలేదు, లేచి కూర్చున్నాడు" అను మాట విన్నప్పుడెల్ల ఈ మూడవ తాకిడిని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను.

హెల్మెట్టు చరిత్ర కొంత చెప్పదగియున్నది. మొదటి ప్రపంచయుద్ధకాలమున అరేబియాలో పనిచేసి పేరుగాంచిన టి. ఇ. లారెన్సు 1935 మే 13వ తేదీన ఇంగ్లండులో మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్లపై పోవుచున్న యిద్దఱు బాలురను తప్పింపబోయి పడిపోయెను. తలకు దెబ్బ తగిలి ఆఱవదినమున మరణించెను. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యు డొకడు. తలకు రక్షణ యున్నచో ఇట్టివారిలో నెందఱు బ్రతుకుదురను ప్రశ్నను ఆతడు విడువక, సైన్యమునందలి మోటారుసైకిలు వార్తాహరుల ప్రమాదములను పరిశీలించి 1941లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము తన మోటారుసైకిలు వారికి హెల్మెట్టును తప్పనిసరి చేసినది. తర్వాత పెక్కు దేశముల పరిశోధనలను కూర్చి చూడగా, హెల్మెట్టువలన మరణములు 42 శాతమును, తలగాయములు 69 శాతమును తగ్గునని తేలినది.

ఐనను మన బాటలలో హెల్మెట్టు తలమీదకంటె మోచేతికి వ్రేలాడుటయే హెచ్చుగా చూచుచున్నాము. పోలీసువారు కనబడు నాలుగురోడ్ల కూడలికి ముందు తలకెక్కి, కూడలి దాటగనే దిగును. గడ్డము క్రింది పట్టీ బిగింపని హెల్మెట్టు మొదటి దెబ్బకే యెగిరిపోవును. రెండవ దెబ్బకు నేలను తాకునది తలయే. వెనుక కూర్చుండు తల్లికిని, చెల్లెలికిని గూడ హెల్మెట్టు కావలెను. స్త్రీలు చీరచెఱగును, చున్నీని చక్రమునకు చిక్కకుండ ముడివేసికొని కూర్చుండవలెను. ఇక కారులో, వెనుకసీటువారికి బెల్టక్కఱలేదను భ్రమ మనలో చాల బలముగా నున్నది. టాటా సన్సు సంస్థకు పూర్వము అధ్యక్షులైన సైరస్ మిస్త్రీగారు 2022 సెప్టెంబరు 4వ తేదీన మహారాష్ట్రమున పాల్ఘర్ జిల్లాలో సూర్యానది వంతెనమీద కారు ప్రమాదమున మరణించిరి. ఆయన కూర్చున్నది వెనుకసీటున, బెల్టు లేకుండ. ముందుసీట్లలోని యిద్దఱును గాయములతో బ్రతికిరి.

చట్టపు సంగతి క్లుప్తముగా చెప్పుదుము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము గేరులేని 50 సీసీ లోపు బండికి 16 ఏండ్లును, తక్కిన మోటారుసైకిలునకును కారునకును 18 ఏండ్లును నిండవలెను. నేర్చుకొనువాని లైసెన్సు ఆఱుమాసములు చెల్లును. 30 దినములు గడచిన పిదపనే పక్కా లైసెన్సు పరీక్షకు పోవచ్చును. ఆ కాలమున బండికి ముందును వెనుకను తెల్లని పలకపై ఎఱ్ఱని 'ఎల్' అక్షర ముండవలెను. లైసెన్సుగలవాడొకడు నేర్పరిగా, బండిని ఆపుటకు వీలగు చోట కూర్చుండవలెను. వయస్సు చాలని బాలుడు బండి నడిపి నేరము చేసినచో, 2019లో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారము తండ్రికో బండి యజమానికో మూడేండ్లవఱకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయును పడవచ్చును. బండి రిజిస్ట్రేషను ఒక యేడు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు దొరకదు. "మావాడు అప్పుడే బండి నడుపుచున్నాడండీ" అని సంతసించు తండ్రులు ఈ వాక్యములను మరల నొకసారి చదువుదురుగాక.

ప్రమాదము జరిగిన వెంటనే బండి నడుపువాని మొదటి ధర్మము ఆగుట. గాయపడినవానికి వైద్యసహాయము కలుగజేయవలెననియు, పోలీసువారికి తెలుపవలెననియు ఆ చట్టపు 134వ సెక్షను విధించుచున్నది. గుంపు కోపమువలన ప్రాణభయమున్న సందర్భమును చట్టమే గుర్తించినది. అప్పుడైనను పొలములకు అడ్డముపడి పాఱిపోవుటగాక సమీపపు పోలీసుస్టేషనునకు పోయి చెప్పవలెను. 24 గంటలలో తెలుపకుండుట తప్పు.

దారిని పోవువారి భయము వేఱు. చేయిపెట్టినచో సాక్ష్యమునకు త్రిప్పుదురనియు, ఆసుపత్రివారు డబ్బు కట్టుమందురనియు తలంచి చూచుచు నిలుచుందురు. నేడు మఱియొక దుర్గుణము చేరినది: సెల్లుఫోనుతో ఫోటోలు తీయుట. యెరూషలేమునుండి యెరికోకు పోవు బాటలో గాయపడి పడియున్నవానిని ఇద్దఱు తప్పించుకొని పోగా, మూడవవాడు కట్లు కట్టి సత్రమునకు చేర్చిన కథ మా విద్యార్థులకు క్రొత్తగాదు. ఆ మంచి సమరయుని పేరే నేడు మన దేశపు చట్టములోనికి వచ్చినది. ఇట్టి సహాయకుల రక్షణకై 2015లో కేంద్రప్రభుత్వము నియమములు ప్రకటించెను. వానిని ఎల్లరును పాటింపవలసినదేయని సుప్రీముకోర్టు 2016 మార్చి 30వ తేదీన తీర్పు చెప్పెను. 2019లో 134ఎ సెక్షనుగా అవి చట్టమునకెక్కినవి. సద్బుద్ధితో సహాయము చేసినవానిపై వ్యాజ్యముగాని నేరారోపణగాని నిలువదు. పేరు చెప్పుమని నిర్బంధింపరాదు. గాయపడినవానికి ముందు చికిత్స చేయవలెను, కాగితముల పని పిమ్మట చూచుకొనవలెనని 1989లోనే పరమానంద కటారా కేసులో అదే కోర్టు వైద్యులకు స్పష్టపఱచినది. కావున భయమునకు తావులేదు; తెలివి యొక్కటియే కావలసియున్నది.

మన రాష్ట్రమున 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15వ తేదీన మొదలైనవి. అవి యెందఱి ప్రాణములనో నిలిపినవి. కాని లంకగ్రామపు గట్టుమీదికి అంబులెన్సు వచ్చుటకు కొంతసేపు పట్టును. రక్తపునాళము తెగినవాడును, ఊపిరి ఆగినవాడును అంతసేపు నిలువరు. ఆ నడిమికాలము డాక్టరుది కాదు, అచ్చటనున్నవారిది. అందువలననే బండి నడుపువాడు ప్రథమచికిత్సను గేరు మార్చుటతో పాటుగ నేర్వవలెనని మా తలంపు.

గాయపడినవానిని తాకుటకంటె ముందు చేయవలసిన పని, రెండవ ప్రమాదము కాకుండ చూచుట. మీ బండిని ఓరగా నిలిపి, ఇంజను ఆపి, మినుకు దీపములు వేయవలెను. మలుపునకు ఆవల ఒకరిని, ఈవల ఒకరిని నిలిపి వచ్చు బండ్లను ఆపింపవలెను. రాత్రియైనచో వారి చేత టార్చియో, వెలుగుచున్న సెల్లుఫోనో ఉండవలెను. బండి కరెంటు స్తంభమును గొట్టి తీగలు తెగియున్నచో ఆ ప్రక్కకు పోనేరాదు; తడినేలలో విద్యుత్తు ప్రాకును. కరెంటు ఆపినారని రూఢియగువఱకు ఎవ్వరినిగాని పోనీయరాదు.

తరువాత ఫోను. 108కిగాని 112కిగాని పిలిచి, "కైకలూరు దగ్గఱ" యన్నచో చాలదు. ఏ యూరినుండి ఏ యూరికి పోవు గట్టు, ఏ లాకు, ఏ వంతెన, ఎవరి చెఱువు మకాము ప్రక్క, కిలోమీటరు రాతిమీద నున్న సంఖ్య యేది, గాయపడినవారెందఱు, తెలివి యున్నదా లేదా, ఇవి చెప్పవలెను. అవతలివారు పెట్టుమనువఱకు ఫోను పెట్టివేయరాదు. పెద్దబాట కూడలి వద్ద నొక మనిషిని నిలిపి అంబులెన్సునకు దారి చూపింపవలెను. గట్లమీద ఒక మలుపు తప్పినచో అంబులెన్సు వెనుకకు తిరుగుటకే చోటుండదు.

పిమ్మట గాయపడినవానిని పిలిచి భుజము తట్టి చూడవలెను. కేకలు వేయుచున్నవానికి ఊపిరి యున్నది. మాటాడనివానిని ముందు చూడుడు. నోటిలో రక్తము, విఱిగిన పండ్లు, వాంతి యున్నచో వ్రేలికి గుడ్డ చుట్టి, కనబడునంతవఱకే తీయవలెను. తెలివిలేక ఊపిరి యున్నవానిని వెల్లకిల నుంచినచో నాలుక వెనుకకు పడియో, వాంతి గొంతున చిక్కియో ప్రాణము పోవును. ఒకరు తలను మెడను కదలకుండ పట్టుకొనగా, తక్కినవారు శరీరమునంతయు దుంగను దొర్లించినట్లు ఒక్కసారిగా ప్రక్కకు త్రిప్పి యుంచవలెను.

ఊపిరి లేనిచో క్షణమాలసింపక రొమ్ము నొక్కుట ఆరంభింపవలెను. రొమ్ము నడిమి యెముక క్రింది సగముపై ఒక అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేయి యుంచి, మోచేతులు వంపక, పెద్దవారికి 5 సెంటీమీటర్ల లోతు దిగునట్లు నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కవలెను. నేర్చినవారైనచో 30 నొక్కులకు రెండుసార్లు నోట ఊపిరి ఊదవలెను. నేర్వనివారు నొక్కుట ఒక్కటియే చేసినను మేలే. అలసినచో వేఱొకరు అందుకొనవలెను. ఇది కాగితముమీద చదివి వచ్చు విద్యగాదు. బొమ్మమీద చేసి నేర్వవలెను.

రక్తము ధారగా కారుచున్నచో దానిని ఆపుట సులభము, ఐనను మన జనులు చేయునది వేఱు. కాఫీపొడి యద్దుదురు, పసుపు చల్లుదురు, కొందఱు పెట్రోలు పోయుదురు. ఇవి రక్తము నాపవు, గాయమును చెఱుచును. శుభ్రమైన గుడ్డను, లేనిచో పైపంచెనైనను మడతపెట్టి గాయముమీద నుంచి అరచేతితో గట్టిగా అదిమి పట్టవలెను. గుడ్డ తడిసినచో దానిని తీయక పైన మఱియొకటి వేయవలెను. మాటిమాటికి ఎత్తి చూచుటవలన కట్టుచున్న రక్తము మరల కారును. చేతినుండిగాని కాలినుండిగాని ఎంత అదిమినను ఆగనిచో, గాయమునకు నాలుగు వ్రేళ్ల పైన, కీలుమీద పడకుండ, వెడల్పైన గుడ్డపట్టీ కట్టి కఱ్ఱతో మెలిపెట్టి రక్తము ఆగువఱకు బిగింపవలెను. సన్నని త్రాడు పనికిరాదు. కట్టిన వేళను కాగితముమీద వ్రాసి కనబడునట్లు కట్టవలెను. డాక్టరు చూచువఱకు విప్పరాదు. గాయములో గ్రుచ్చుకొన్న ఇనుపకమ్మినిగాని, గాజుపెంకునుగాని పెఱకరాదు. దాని చుట్టును గుడ్డలు పేర్చి కదలకుండ చేసిన చాలును.

మన బాటలలో మంచి మనస్సుతోనే జరుగుచున్న పెద్దకీడు ఒకటి గలదు. నలుగురు కలసి గాయపడినవానిని కాళ్లు చేతులు పట్టుకొని ఎత్తి, ఆటోలో మోకాళ్లు గడ్డమునకు తగులునట్లు ముడిచి తీసికొనిపోవుట. మెడయెముకయో వెన్నెముకయో విఱిగినవానిలో లోని నరపుత్రాడు ఇంకను తెగకయుండవచ్చును. అట్లు ముడిచినప్పుడే అది తెగును. జీవితాంతము మంచము పట్టవలసివచ్చును. నిప్పు, నీరు, వచ్చు బండ్లు వీనివలన అపాయము లేనిచో, ఉన్నచోటనే యుంచి తల రెండు ప్రక్కల పట్టుకొని అంబులెన్సు వచ్చువఱకు వేచియుండుట మేలు. తప్పక తరలింపవలసివచ్చినచో, ఇంటి తలుపు పలకయో, బల్లయో, గట్టి నులకమంచమో తెచ్చి, తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు ఎత్తి, ట్రక్కు ఆటోలో పడుకొనబెట్టి తీసికొనిపోవలెను. హెల్మెట్టు ధరించియున్నవాని హెల్మెట్టును ఊపిరికి అడ్డమైననే తప్ప తీయరాదు. తీయవలసివచ్చినచో ఇద్దఱుండవలెను: ఒకరు మెడను క్రిందనుండి పట్టుకొనగా, రెండవవారు మెల్లగా లాగవలెను.

కాలో చేయో విఱిగినచో సరిచేయబూనరాదు. చేతికి కట్టుటకు మూడుమూలల గుడ్డ యుత్తమము. జర్మనీ శస్త్రవైద్యుడు ఎస్మార్క్ పందొమ్మిదవ శతాబ్దమున యుద్ధభూములలో వాడుకలోనికి దెచ్చిన దిది. ఇంగ్లండులో 1877లో పుట్టిన సెయింటు జాన్ అంబులెన్సు సంఘమువారు దీనిని ప్రపంచమంతట వ్యాపింపజేసిరి. మీటరు చదరపు గుడ్డను మూలగా కోసిన రెండు వచ్చును. మన బాలికల చున్నీయు ఆ పనికి వచ్చును.

గాయపడినవానికి సోడా త్రాగించుట మన యూళ్లలో మర్యాదగా భావింపబడుచున్నది. ఇయ్యరాదు. తెలివి తగ్గినచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. శస్త్రచికిత్స చేయవలసివచ్చినచో మత్తు ఇచ్చునప్పుడు అపాయమగును. పెదవులు తడిపిన చాలును. ముఖము పాలిపోయి, చల్లని చెమట పట్టి, నాడి వడివడిగా కొట్టుకొనుచున్నచో లోపల రక్తము పోవుచున్నదని యెఱిగి, పడుకొనబెట్టి దుప్పటి కప్పి, త్వరపడవలెను. చుట్టును గుంపు చేరి గాలి యాడకుండ చేయుటయు మానవలెను.

రెండు చిన్న సంగతులు. సైలెన్సరు తగిలి పిక్క కాలుట మోటారుసైకిలు నేర్చువారికి సామాన్యము. దానికి పండ్లపొడి, సిరా పూయక, 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచవలెను. వ్రేలు తెగిపడినచో దానిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టికు సంచిలో నుంచి గట్టిగా మూతి కట్టి, ఆ సంచిని ఐసులో పెట్టి గాయపడినవానితోడనే పంపవలెను. ఐసు నేరుగా వ్రేలికి తగులరాదు. మరల అతుకుటకు కొన్నిపట్ల వీలున్నది. చేపల వర్తకమువలన ఐసు మన ప్రాంతమున కొఱతగాదు. ఏ ఫ్యాక్టరీలోనైనను, ఏ లారీవాని వద్దనైనను దొరకును.

ఇక నీటి సంగతి. కాలువలోనో చెఱువులోనో పడిన కారు కొలది నిమిషములలోపలనే మునుగును. లోపలివారు ఫోను చేయుచు కూర్చుండరాదు. బెల్టు విప్పవలెను, అద్దము దింపవలెను, పిల్లలను ముందు వెలికి పంపి తామును బయటపడవలెను. బయటి నీటి యొత్తిడిచే తలుపు తెఱచుకొనదు. నీరు అద్దముమీదికి వచ్చిన పిదప అద్దమును దిగదు. తలుపు కిటికీని పగులగొట్టుటకు చిన్న సుత్తె నొకదానిని చేతికందుచోట నుంచుకొనుట కొల్లేటి బాటలలో కారు నడుపువారికి అవసరము. ఒడ్డుననున్నవాడు ఈత రానిచో దుమికి తానును మునుగరాదు. త్రాడో, వెదురుబొంగో, ఖాళీ డ్రమ్మో విసరవలెను.

ఒడ్డునకు దెచ్చినవానిని తలక్రిందుగా పట్టుటయు, భుజముపై వేసికొని గిరగిర త్రిప్పుటయు, పొట్ట నొక్కి నీరు కక్కించుటయు మన గ్రామములలో చిరకాలముగా నున్న వాడుకలు. వీనివలన కడుపులోని నీరు గొంతునకు వచ్చి ఊపిరితిత్తులలోనికి పోవును. విలువైన నిమిషములు వృథాయగును. మునిగినవానికి కావలసినది గాలి. తల వెనుకకు వంచి, ముక్కు మూసి, మొదట నోటితో కొన్నిమారులు ఊపిరి ఊది, పిమ్మట పైని చెప్పినట్లు రొమ్ము నొక్కుచు ఊదుచు సాగింపవలెను. తెలివి వచ్చినను ఆసుపత్రికి పంపవలసినదే. కొన్ని గంటలకు ఊపిరి మరల కష్టమగుట గలదు.

తలకు దెబ్బ తగిలి లేచి నడచి యింటికి వచ్చిన బాలుని విషయమున తల్లిదండ్రులు మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను. పుఱ్ఱెకు లోపల చిన్న రక్తనాళము తెగి మెల్లగా రక్తము చేరుచుండగా, మొదట కొన్నిగంటలు మనిషి చక్కగా మాటాడును, అన్నము గూడ తినును. పిమ్మట తలనొప్పి హెచ్చును, వాంతులగును, మగత కమ్మును, మాట తడబడును, ఒక కంటిపాప పెద్దదగును. అలసి నిద్రించుచున్నాడని యింటివారు దీపమార్పి పండుకొందురు. అట్టి దెబ్బ తగిలిన మొదటి దినమున ఒంటరిగా విడువరాదు. రాత్రియందు నడుమ నడుమ లేపి, పేరడిగి, సమాధానము వినవలెను. పైని లక్షణములలో నేదియైనను కనబడినచో తెల్లవారువఱకు ఆగక, మెదడు శస్త్రవైద్యులున్న ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తండ్రి కొట్టునను భయముచే పడిన సంగతి దాచు బాలురు గలరు. పడిన సంగతి వచ్చి చెప్పినవానిని ఆ రాత్రి దండింపరాదని తల్లిదండ్రులకు మా మనవి. బండి గీతలు మఱునాడు చూచుకొనవచ్చును.

బండిలో నుంచుకొనవలసిన పెట్టె పెద్దదిగా నుండనక్కఱలేదు. మూడుమూలల గుడ్డలు నాలుగు, వెడల్పైన చుట్టుపట్టీలు రెండు, శుభ్రమైన గుడ్డమడతలు కొన్ని, అంటుపట్టీ, మొండిమొన కత్తెర, రబ్బరు చేతితొడుగులు రెండు జతలు, టార్చిలైటు, వేళ వ్రాయుటకు పెన్సిలు, కాగితము. ఇతరుల రక్తము తాకకమునుపు తొడుగులు ధరింపవలెను. లేనిచో ప్లాస్టికు సంచిని చేతికి తొడుగుకొన్నను చాలును. ఏటికి రెండుసార్లు పెట్టె విప్పి ఎలుకలు కొట్టినవానిని, తడిసినవానిని మార్చవలెను. దీనిని డిక్కీలో సామానుల అడుగున గాక, డ్రైవరు సీటు క్రింద, కారు బోల్తాపడినను చేతి కందుచోట నుంచవలెను. మోటారుసైకిలువారు రెండు గుడ్డలును, ఒక జత తొడుగులును సీటు క్రింది అరలో పెట్టుకొనవచ్చును.